చెట్లు లేవని రాసిన కొండ

ఆ కొండ మీద చెట్లు లేవని రాసింది నేనే.

ఎవరూ నా చేయి పట్టుకుని రాయించలేదు. అబద్ధమూ రాయలేదు. ఆ రోజు నా కళ్లకు ఏది కనిపించిందో అదే రాశాను. ఇంకొన్నాళ్లు ఆగి చూడమని నా పక్కన నిలబడిన మనిషి చెబుతూనే ఉన్నాడు. నేను వినలేదు.

నేను పుట్టి పెరిగింది సంగం దగ్గర కాలువ కింద ఊళ్లో. మా నాయనకు వరి తప్ప వేరే పైరు మీద నమ్మకం లేదు. బ్యారేజీ నుంచి నీళ్లు వదిలారంటే ఊరంతా పచ్చగా అయిపోయేది. అందులో పెరిగినదాన్ని కాబట్టి అడవంటే ఇంకా పచ్చగా, పెద్ద పెద్ద మానులతో, పట్టపగలే నీడగా ఉంటుందని అనుకునేదాన్ని. అటవీ శాఖలో బీట్ ఆఫీసరుగా ఉద్యోగం వచ్చి ఉదయగిరి వైపు వేసినప్పుడు ఆ కొండను మొదటిసారి చూసి నీరుగారిపోయాను. ఎర్రమట్టి, నడుమెత్తు ఎండిన బోదగడ్డి, వంకర కొమ్మల పొట్టి చెట్లు, మధ్యమధ్యలో తెల్లగా మెరిసే పలుగురాళ్లు. అంతే.

ఆ సాయంత్రం నాయనకు ఫోను చేసి, "ఈడ కాపాడేదానికి ఏమీ లేదు నాయనా, అంతా కంపే" అన్నాను.

"జీతం వస్తాది గదా. చెట్లు ఎంత పొడుగుంటే నీకేంది" అని నవ్వాడు.

ఆ కొండకు నాకంటే చాలా ముందునుంచే ఒక వాచర్ ఉన్నాడు. రోజుకూలి మనిషి. అరవై దగ్గర పడ్డవాడు. ఉదయగిరిలో కోట కింది వీధిలో వాళ్ల ఇల్లు. చిన్నా పెద్దా అందరూ చాచా అనే పిలిచేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. రోజూ ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. అది ఎవరో ఇచ్చిన యూనిఫారం కాదు. సొంతంగా గుడ్డ కొని, భుజం మీద పట్టీలు పెట్టించి మరీ కుట్టించుకున్నాడు. ఆ చొక్కాతో బస్సెక్కితే కండక్టర్ లేచి సీటు ఇవ్వాలని ఆయన కోరిక. ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు. దాని గురించి దారి పొడవునా గొణిగేవాడు.

వాళ్లది చెక్క గరిటెలు చేసే ఇల్లు. ఆయన భార్యను మేం చాచీ అనేవాళ్లం. ఆమె వసారాలో గోనెపట్టా మీద కూర్చుని స్పూన్లు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కేది. చాచా వయసులో ఉన్నప్పుడు ఆ పనికి కర్ర తెచ్చేవాడు. అంటే ఇదే కొండ ఎక్కి, పచ్చి చెట్టు నరికి, నెత్తిన పెట్టుకుని ఎవరి కంటా పడకుండా దిగేవాడు.

"మరి వాచర్ ఎట్టా అయినావు చాచా?" అని అడిగాను ఒకసారి.

"నన్ను పట్టుకోలేక నాకే పని ఇచ్చినారు మేడం" అన్నాడు, నవ్వకుండా.

మొదటి వారం నన్ను కొండంతా తిప్పాడు. చెట్టు పేరు చెప్పేవాడు కాదు. దానితో ఏం చేస్తారో చెప్పేవాడు. "ఇది గరిటె. ఇది ఫోర్కు, ముళ్లు ఇరగవు. ఇదుండాదే, ఇది దువ్వెన. తల్లో నూనె తాగేకొద్దీ నున్నగా అవతాది." బెరడును గోటితో గీరి వాసన చూడమనేవాడు. నర్ది, బిక్కి, కల్ది అన్న పేర్లు నేను అడిగి అడిగి తెలుసుకున్నాను. అన్నీ ఒకేలా కనిపించే ఆ వంకర చెట్లను వాసనతో విడదీయడం నాకు ఆయన దగ్గరే అలవాటైంది.

"ఇవి ఇంత పొట్టిగా ఎందుకుండాయో తెలుసా?" అన్నాడు. "నీళ్లు లేవు గదా. బొటనవేలంత లావు కావాలన్నా ఏళ్లు పడతాది. అందుకే ఇనుము మాదిరి ఉంటాయి. మీ కాలువ గట్టు మీద చెట్లు చూసి వీటిని చూస్తే నవ్వొస్తాది మీకు. నవ్వండి పర్లేదు."

నేను నిజంగానే నవ్వాను.

ఏడాది తిరిగాక ఆ నవ్వు పోయింది. తెల్లవారి ఎక్కితే కాళ్ల ముందు నుంచి కౌజుపిట్టలు గుంపుగా లేచేవి, గుండె ఒక్కసారి ఆగినంత పనయ్యేది. బండల సందుల్లో ముళ్లపంది ముళ్లు దొరికేవి. వానలు మొదలైతే నక్షత్ర తాబేళ్లు పొదల్లోంచి బయటికి వచ్చేవి. నల్లటి డిప్ప మీద పసుపుపచ్చ గీతలు, ఎవరో కూర్చుని ఒక్కో దాని మీదా తీరిగ్గా ముగ్గేసినట్టు ఉండేవి. కొండ కింద వాగులో ఒక బండ అడుగున ఊట ఉండేది. మే నెలలో కూడా దోసిలి పెడితే నిండేది. గొర్రెలు కాచేవాళ్లు దుత్తలూరు వైపు నుంచి ఆ ఊట కోసమే వచ్చేవాళ్లు.

కొండలో పై సగం అడవి కింద లెక్క. కింది సగం రెవెన్యూ కాగితాల్లో పోరంబోకు. మధ్యలో హద్దురాళ్లు ఉండేవి. చాచా వాటిని పట్టించుకునేవాడు కాదు. కింది సగంలో ఎవరైనా కొడవలి పట్టుకుని కనిపిస్తే, అది తన పని కాకపోయినా ఆ ఖాకీ చొక్కా చూపించి బెదిరించి పంపేవాడు. మంచి చెట్లన్నీ కింది సగంలోనే ఉన్నాయని ఆయనకు తెలుసు. తెల్లరాయి కూడా అక్కడే ఉందని ఇంకెవరికో తెలుసని మాకు అప్పుడు తెలియదు.

ఎండలు ముదరక ముందే ఏటా ఫైర్ లైను వేయాలి. కొండ చుట్టూ ఎద్దులబండి పట్టేంత వెడల్పున గడ్డి చెక్కి నేల బయటపెట్టడమే ఆ పని. మంట అక్కడిదాకా వచ్చి, తినడానికి ఏమీ దొరక్క ఆగుతుంది. ఆ ఏడాది పని మొదలుపెట్టమన్న కాగితం మార్చి నెలాఖరుకు గాని రాలేదు. వచ్చాక పది రోజుల్లో ముగించి ఫొటోలు పెట్టమన్నారు. అప్పటికే ఎండ మండుతోంది. రోడ్డు వైపు చెక్కించాం. వెనక వైపు నిటారుగా ఉంటుంది, ఆ ఎండలో ఎక్కలేమని కూలీలు చేతులెత్తేశారు. గడువు దగ్గరపడింది. నేను రోడ్డు వైపు లైనునే అటు నిలబడి కొన్ని, ఇటు నిలబడి కొన్ని ఫొటోలు తీసి ఫోన్లోంచి పంపేశాను. పని పూర్తయినట్టు పచ్చగుర్తు వచ్చింది.

చాచా నా భుజం పక్కనుంచి ఫోనులోకి తొంగిచూశాడు.

"వెనకపక్క గడ్డి నా రొమ్ము దాకా ఉండాది మేడం."

"చేద్దాం చాచా. వచ్చే వారం మనమే మనుషుల్ని పెట్టుకుని చేద్దాం."

వచ్చే వారం నన్ను నర్సరీలో మొక్కల జాబితాలు రాయడానికి ఆత్మకూరు పిలిపించారు. ఆ వారం తర్వాత ఇంకో వారం. చాచా రోజూ ఒక్కడే వెనక వైపు వెళ్లి చేతనైనంత మేర గడ్డి చెక్కాడని తర్వాత తెలిసింది. ఒక్క మనిషి కొండ వెనకంతా ఎక్కడ చెక్కగలడు?

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం, నేను నర్సరీ షెడ్డులో అన్నం తింటుంటే ఫోను మోగింది.

"మేడం, పొగ."

"ఎక్కడ చాచా?"

"వెనకపక్క. గాలి పైకి కొడతా ఉండాది. మిషను తీసుకుని రండి."

మంట మీద గాలి ఊది ఎండుటాకును తోసేసే మిషను మాకు ఒకటే ఉంది. అది రిపేరుకు పోయి నెల దాటింది. నేను చేయి కడుక్కోకుండానే స్కూటీ తీశాను. దుత్తలూరు దరిదాపులకు రాకముందే ఆకాశంలో గోధుమరంగు పొగ కనిపించింది. మబ్బేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను.

నేను చేరేసరికి చాచా, నలుగురు గొర్రెల కాపరులు పచ్చి కొమ్మలు విరిచి మంటను బాదుతున్నారు. బోదగడ్డి కాలే చప్పుడు వేరుశనక్కాయలు వేయిస్తున్నట్టు ఉంది, కాకపోతే కొండంత పెనం మీద. చాచా ఖాకీ చొక్కా విప్పి ఊటలో తడిపి మూతికి కట్టుకున్నాడు. ఒంటి మీద బనీను నల్లగా అయిపోయింది. నేనూ కొమ్మ తీసుకున్నాను. మేం ఒక గజం ఆర్పితే అది పక్కనుంచి పది గజాలు పాకింది. వేడికి ముఖం తిప్పుకోకుండా నిలబడలేకపోయాను. కళ్లు తెరిస్తే మండుతున్నాయి, మూస్తే భయమేస్తోంది.

"చాచా, దిగిపోదాం రా. గాలి మళ్లింది."

"మీరు దిగండి."

"నీకేమన్నా అయితే చాచీకి నేనేం చెప్పాలి?"

"దిగమంటే దిగలేదని చెప్పండి."

గొర్రెల కాపరులు ఆయన్ను రెండు చేతులూ పట్టుకుని ఈడ్చుకొచ్చారు. వాళ్లను బూతులు తిట్టాడు, తెలుగులో కొన్ని, ఉర్దూలో కొన్ని. తర్వాత రోడ్డు మీద కూర్చుని చాలాసేపు దగ్గాడు. ఆ దగ్గు మళ్లీ ఆయన్ను వదల్లేదు.

మంట రెండు రోజులు ఉంది. మేం ఆర్పామని చెప్పుకోలేను. పైన బండల దాకా పోయి, ఇంక తినడానికి లేక ఆరింది. ఎవరు పెట్టారో, ఎలా అంటుకుందో తేలలేదు. ఎవరన్నా బీడీ పారేశారో, కొత్త గడ్డి కోసం అంటించారో తెలియదు. ఎలా అంటుకున్నా, వెనకవైపు లైను ఉంటే కొండకు ఎక్కేది కాదు.

మూడో రోజు పొద్దున మేమిద్దరమే ఎక్కాం. బూడిద చీలమండల దాకా దిగబడుతోంది. ఎక్కడా పిట్ట కూత లేదు. కాసేపటికి చాచా ఒక చోట ఆగి కర్రతో దేన్నో తిప్పాడు. తాబేలు డిప్ప. ముగ్గు గీతలు మాడి చెదిరిపోయాయి. తాబేలు పరుగెత్తలేదు గదా, భయమేస్తే లోపలికి ముడుచుకుంటుంది. దానికి తెలిసిన జాగ్రత్త అంతే. కొంచెం దూరంలో ఇంకొకటి. ఆ పైన చిన్నవి. నేను చూడలేక ముఖం పక్కకు తిప్పుకున్నాను. చాచా వంగి ఒక్కోదాన్ని తీసి, బూడిద పక్కకు నెట్టి, చేతులతో మట్టి తవ్వి కప్పాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏం చదివాడో వినపడలేదు. నేను ఏడుస్తుంటే, "ఏడుపు తర్వాత. ముందు మట్టి తియ్యి బేటీ" అన్నాడు. ఆయన నన్ను బేటీ అన్నది అదే మొదటిసారి.

రెండు వారాలు తిరగకుండానే కాగితం వచ్చింది. కొండ కింది సగంలో పలుగురాయి తవ్వుకోవడానికి ఎవరో లీజుకు పెట్టుకున్నారట. రెవెన్యూ సర్వేయరు, నేను కలిసి చూసి, అక్కడ బతికి ఉన్న చెట్లు ఎన్ని, ఏ జాతివి అని రాసి ఎల్లుండి లోగా ఇవ్వాలి. ఆ అర్జీ మంట కంటే ముందుదో తర్వాతదో నాకు తెలియదు. కాగితం మీద తేదీ ఉండే ఉంటుంది. నేను చూడలేదు.

ఆ రోజే చాచాతో కలిసి ముగ్గురం ఎక్కాం. నల్లటి మోళ్లు తప్ప ఏమీ లేదు. సర్వేయరు మంచివాడే, ఎండకు తట్టుకోలేక కర్చీఫు నెత్తిన కప్పుకుని, "రాసెయ్యండి మేడం, ఉన్నదేముంది ఇక్కడ" అన్నాడు. నేను పెన్ను తీశాను. చాచా ఒక మోడు పక్కన గొంతుక్కూర్చుని దాని మొదట్లో మట్టి తవ్వాడు. వేరును గోటితో గీరి నన్ను పిలిచాడు.

"ఈడికి రా. వేలు పెట్టు."

పెట్టాను. తడిగా ఉంది.

"నర్ది ఇది. బతికే ఉండాది. పైన కాలినా కింద చావదు. ఒక్క వాన పడనీ. అప్పుడొచ్చి రాయి."

"ఎల్లుండి లోపల ఇవ్వాలి చాచా."

"ఇయ్యలేనని చెప్పు. కాళ్లు కాలినాయని చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

"నాకింకా ప్రొబేషన్ అయిపోలేదు."

ఆయన ఆ వేరు మీద మట్టి మళ్లీ కప్పాడు. నేను కాగితం మీద ఇలా రాశాను: సజీవంగా ఉన్న చెట్లు లేవు. పొదలు కాలిపోయి ఉన్నవి. కింద సంతకం చేసి, హోదా ముద్ర వేశాను.

ప్రొబేషన్ గురించి చెప్పింది నిజమే గాని, అదొక్కటే కారణం కాదు. రెండోది చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. అక్కడ మంచి అడవి ఉండేదనీ, మంటకు పోయిందనీ, మళ్లీ చిగురుస్తుందనీ రాస్తే, మరి నీ ఫైర్ లైను ఏమైందని అడుగుతారు. పచ్చగుర్తు వచ్చిన ఆ ఫొటోలు బయటికి వస్తాయి. చెట్లు లేవని రాస్తే ఏ ప్రశ్నా రాదు. పెన్ను పట్టుకున్నప్పుడు ఇది నా మనసులో ఉంది. లేదని ఎన్నిసార్లు చెప్పుకున్నా, ఉంది.

ఆ ఏడాది వానలు ఆలస్యంగా మొదలయ్యాయి. రెండో వాన పడిన నాలుగు రోజులకు చాచా ఫోను చేశాడు. దగ్గు మధ్యలో మాట.

"బేటీ, ఎక్కు."

"ఏమైంది చాచా?"

"ఏమైందో చెప్తే మజా ఏముంది, ఎక్కు."

ఎక్కాను. కింది సగం అంతా, నల్లటి మోళ్ల మొదళ్ల నుంచి ఎర్రటి చిగుళ్లు. కొన్ని వేలెడు, కొన్ని జానెడు. చాచా ఒక డబ్బాలో సున్నం కలుపుకుని వచ్చి, చిగురు వేసిన ప్రతి మోడు మీదా తెల్లటి చుక్క పెడుతున్నాడు. కొండ వాలంతా చుక్కలు. ఎన్ని రోజుల నుంచి పెడుతున్నాడో. చేతులు సున్నానికి పగిలి ఉన్నాయి.

"ఇప్పుడు రాయి" అన్నాడు.

"రాస్తాను" అన్నాను.

మర్నాడే ఇద్దరం నెల్లూరు బస్సెక్కి ఆత్మకూరులో దిగాం. చాచా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నాడు. కాలిన మోడు ముక్క ఒకటి, చిగురుతో సహా, తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. రెవెన్యూ ఆఫీసులో అది అర్జీలు తీసుకునే రోజు. వరండా నిండా జనం. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. బల్ల వెనక ఉన్న అధికారి ఓపికగానే విన్నాడు. చాచా గుడ్డ విప్పి ఆ మోడును బల్ల మీద పెట్టాడు. మసి ఫైళ్లకు అంటింది. అధికారి దాన్ని వద్దనలేదు, వేలితో చిగురును తాకి చూశాడు కూడా.

తర్వాత గుమస్తా ఫైలు తెచ్చాడు. అధికారి రెండు పేజీలు తిప్పి, నా వైపు తిప్పి పెట్టాడు.

"ఈ సంతకం మీదేనా అమ్మా?"

"నాదే సార్."

"చెట్లు లేవని మీరే రాశారు. దాని మీదే లీజుకు ఇబ్బంది లేదని పైకి పంపాం. ఉత్తర్వు కూడా వచ్చేసింది. ఇప్పుడు ఉన్నాయంటే ఏది నిజం?"

"రెండూ నిజమే సార్. అప్పుడు మంట. ఇప్పుడు వాన."

"ఇది ఫైలమ్మా" అన్నాడు ఆయన. కోపంగా కాదు, అలసటగా. "మీ పై ఆఫీసు నుంచి రెండో రిపోర్టు పంపించండి. చూద్దాం."

చాచా అప్పటిదాకా నిలబడే ఉన్నాడు. "సార్, మీరొకసారి కొండ ఎక్కండి. నేను చెయ్యి పట్టుకుని ఎక్కిస్తా. పొద్దున్నే అయితే ఎండ కూడా ఉండదు" అన్నాడు. అధికారి తలాడించాడు. మా వెనక ఉన్న మనిషి అప్పటికే తన కాగితం ముందుకు చాపాడు.

నా పై అధికారి రెండో రిపోర్టు వద్దన్నాడు. "మొదటిది తప్పని రాస్తే ముందు నీ మీదే చర్య. నీ మంచికే చెప్తున్నా" అన్నాడు. నేను రాశాను. ఫైర్ లైను ఫొటోల సంగతి కూడా అందులో పెట్టాను. మెమో వచ్చింది, జవాబు ఇచ్చాను, ఇంక్రిమెంటు ఆపారు. ఆ రిపోర్టుతో ఒక్కటే జరిగింది. ఊట ఉన్న వాగు పక్కన సన్నటి పట్టీని లీజు నుంచి తప్పించారు. మిగతాదంతా పోయింది.

మిషన్లు దిగిన రోజు నేను, చాచా రోడ్డు అవతల నిలబడ్డాం. పొక్లెయిన్ మొదటి గంటలోనే సగం వాలు గీకేసింది. సున్నపు చుక్కలున్న మోళ్లు వేళ్లతో సహా పైకి లేచి, మట్టితో కలిసి దొర్లాయి. ఆ వేళ్లు చూస్తే ఆశ్చర్యమేసింది. పైన మోకాలెత్తు లేని చెట్టుకు కింద మనిషి పొడుగు వేరు. చాచా ఖాకీ చొక్కా పై గుండీ విప్పి, మళ్లీ పెట్టుకున్నాడు.

మిషన్లు లేపి పడేసిన కర్రను ఎవరైనా తీసుకెళ్లొచ్చని క్వారీ వాళ్లు చెప్పేశారు. గరిటెలు చేసేవాళ్లకు ఆ మాట తెలిసింది. ఏళ్ల తరబడి ఎండు పుల్లల కోసం పడిగాపులు కాసినవాళ్లు, ఒకేసారి అంత మంచి కర్ర చూడలేదు. ఆటోల్లో వేసుకుపోయారు. చాచీ కూడా ఒక మోపు తెప్పించుకుంది. మర్నాడు నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు.

"అది నా ఇంట్లోకి రాకూడదు" అంటున్నాడు చాచా, గుమ్మం బయట నిలబడి.

"నువ్వొద్దంటే అది పోయి మళ్లీ కొండ మీద నిలబడతాదా?" అంది చాచీ. "వేరు కర్ర, ఎంత చిక్కగా ఉండాదో చూడు. మట్టిలో కప్పేస్తే నీకు హాయిగా ఉంటాదా?"

"నా చేత్తో చుక్క పెట్టినా దానికి."

"ఆ చుక్క నేను చూసినా. చూసే తెచ్చినా."

ఆమె కత్తి పట్టుకుని కూర్చుంది. చెక్కుతూ, ముక్కు కొంగుతో తుడుచుకుంటూ. చాచా వీధి అరుగు మీద నాకు వీపు తిప్పి కూర్చున్నాడు. ఎవరిది సరైన మాటో నాకు ఈ రోజుకీ తెలియదు. చాచీ చేతిలో ఆ కర్ర చక్కటి గరిటెలైంది. చాచా ఆ గరిటెలు తాకలేదు.

ఆ చలికాలానికి ఆయన కొండ ఎక్కడం మానేశాడు. నాలుగడుగులు వేస్తే ఊపిరి అందేది కాదు. నెల్లూరు ఆసుపత్రిలో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయన్నారు. మంట పొగ వల్లనా, పాత బీడీల వల్లనా అని అడిగితే, రెండూ కావచ్చన్నారు. నన్ను ఆత్మకూరుకు మార్చారు. సెలవు రోజుల్లో బస్సెక్కి వచ్చి చూసి పోయేదాన్ని. కొండ మాట ఇద్దరం ఎత్తేవాళ్లం కాదు. బస్సులో సీటు దొరికిందా, నాయన పొలంలో నాట్లు అయ్యాయా అని అడిగేవాడు.

ఒకసారి చాచీ టీ పెట్టడానికి లోపలికి పోయినప్పుడు అడిగేశాను.

"నా మీద కోపంగా ఉండాదా చాచా?"

లేదు బేటీ అంటాడనుకున్నాను. ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని, ఊపిరి కూడదీసుకున్నాడు.

"ఉండాది" అన్నాడు. "ఎందుకుండదు? వేలు పెట్టి తడి చూసినాక కూడా రాసినావు."

నేను తల దించుకున్నాను.

"నా మీద కూడా ఉండాది. నువ్వు ఫొటోలు తీసినప్పుడు నేనూ పక్కనే నిలబడినా. ఆ ఫోను లాక్కుని పారేసి ఉంటే సరిపోయేది. మేడం గదా అని ఊరుకున్నా." కాసేపు దగ్గాడు. "కోపం ఉండాదని రాకుండా పోబాక. వస్తా ఉండు."

చాచీ టీ తెచ్చింది. తాగాం. ఆయన సాసరులో పోసుకుని, చప్పుడు చేస్తూ, ఎప్పటిలాగే.

అలా ఇంకో మూడుసార్లు వెళ్లాను. నాలుగోసారి వెళ్లడానికి సెలవు పెట్టుకున్న రోజునే కబురు వచ్చింది. నేను చేరేసరికి మగవాళ్లు ఆయన్ను తీసుకెళ్లిపోయారు. చాచీ పక్కన ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. ఆమె నా చేయి పట్టుకుంది. దండెం మీద ఖాకీ చొక్కా ఆరేసి ఉంది. ఎవరో దాన్ని తీసి మడిచారు.

ఈ ఏడాది నన్ను మళ్లీ ఉదయగిరి వైపు వేయమని అర్జీ పెట్టుకున్నాను. ఎవరూ అడగని చోటు కాబట్టి వెంటనే ఇచ్చారు. కొండ పై సగం ఇంకా మాదే. కాగితం కోసం చూడకుండా, చలి తగ్గీ తగ్గకముందే వెనక వైపు లైను మొదలుపెట్టాం. గొర్రెల కాపరులు వాళ్లంతట వాళ్లే వచ్చి పార పట్టుకున్నారు. వేసవి అంతా ఆ పక్క మంట రాలేదు. దానికి నన్ను మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. కాపాడింది సగం కొండను. అదీ, మిగతా సగం పోయాక.

కింద ఇప్పుడు పెద్ద తెల్లటి గుంత. గాలి వీస్తే రోడ్డు మీది తుమ్మచెట్లు పిండి చల్లినట్టు అవుతాయి. ఊట ఉంది గాని, నీళ్లు పాలలా వస్తాయి. గొర్రెలు మూతి పెట్టి వెనక్కి తీసుకుంటాయి. మొన్న పొద్దున వాగు పక్కన మిగిలిన పట్టీలో నడుస్తుంటే, నా కాళ్ల ముందు నుంచి కౌజుపిట్టలు లేచాయి. మూడే మూడు. అవతల పొదలో వాలి, ఒకదాన్నొకటి పిలుచుకోవడం మొదలుపెట్టాయి. నేను కదలకుండా నిలబడ్డాను. అంతలో కింద గుంతలో పేలుడుకు ముందు వేసే సైరను మోగింది. పిట్టలు కూత ఆపేశాయి. పేలుడు అయింది, రాళ్లు జారిన చప్పుడు ఆగింది, దుమ్ము మెల్లగా పైకి లేచింది. చాలాసేపు ఎదురుచూశాను. అవి మళ్లీ కూయలేదు. ఎండెక్కుతుంటే నేను పైకి నడిచాను.